పాలిష్ పూసిన కార్డు

మా ఆవిడ చేసే పని దగ్గర ఒక్క పూట కూర్చుంటే మీకు మనుషుల మీదే రోత పుడుతుంది. ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులు పోగుచేసేవాళ్లు వాటి మీది మరకలు తీయించుకోవడానికి ఆవిడ దగ్గరికి వస్తారు. ఒక్కో కార్డూ ప్రాణంతో సమానమంటారు. తీరా చూస్తే దాని మీద జామ్, జుట్టు నూనె, ముక్కు తుడుచుకున్న వేలిముద్ర! ఒకాయన నా కళ్లెదుటే బొటనవేలికి ఉమ్మి రాసి కార్డు రుద్దాడు. "ఇంత తేలిగ్గా పోతుంది చూడమ్మా" అని మురిసిపోయాడు కూడా. ఛీ! ఆవిడ మాత్రం చిరాకు పడలేదు. "అలా రుద్దితే రంగు కూడా పోతుందన్నయ్యా, ఇలా ఇవ్వండి" అంది.

ఆవిడకో పద్ధతుంది. చేతులు కడుక్కుని, బాగా ఆరాక, కార్డుని అంచులు పట్టుకుని మాత్రమే తీస్తుంది. ముందు కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో పొడిగా తుడుస్తుంది. పోకపోతే దూదిపుల్లని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, తడి ఉందా లేదా అన్నంతగా పిండి, మరక మీద మెల్లగా ఆనిస్తుంది. అంచుల దాకా తీసుకెళ్లదు, నీళ్లు పీలిస్తే అట్ట ఉబ్బుతుంది. సిరా మరకైతే అసలు ముట్టుకోదు. "ఇది పోదు, ఇలాగే ఉంచుకోండి" అని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. ఇక పాలిష్ పూయమని ఎవరైనా అడిగారా, వాళ్ల కార్డు వాళ్ల చేతిలో పెట్టేస్తుంది. కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో పరీక్షించి గ్రేడు ఇచ్చేవాళ్లుంటారు, దాన్నిబట్టే ధర. పూత కనిపిస్తే గ్రేడు ఇవ్వకుండా చీటీ అంటించి తిప్పి పంపేస్తారు. అంతటితో ఆ కార్డు పని అయిపోయినట్టే. పదకొండేళ్లలో ఆవిడ చేతి మీదుగా వెళ్లినది ఒక్కటీ అలా తిరిగి రాలేదు. ఆవిడ సంపాదించుకున్నదల్లా ఆ పేరే.

కొట్టు ముందుభాగం చూసుకునేది ఆవిడ తమ్ముడు, నా బావమరిది. వట్టి బద్ధకస్తుడు, పైగా గొప్పలొకటి. ఓ స్కూలు బస్సు డ్రైవరు తన చిన్ననాటి కార్డు తెచ్చాడు. ఆవిడ మురికి తీసి, సన్నటి గీత ఒకటుంటే అలాగే వదిలేసింది. మధ్యాహ్నం ఆవిడ భోజనానికి ఇంటికొచ్చినప్పుడు నేను కొట్టుకి వెళ్లాను. బావమరిది ఆవిడ కుర్చీలో కూర్చుని, స్కూటరు పాలిష్ డబ్బా పక్కన పెట్టుకుని, చొక్కా అంచుతో ఆ కార్డుని తెగ రుద్దేస్తున్నాడు. చెమట పట్టిన చొక్కాతో!

"ఏంటోయ్ అది?" అన్నాను.

"ఆ గీత మాయం చేస్తున్నా బావా. డ్రైవరు ఎగిరి గంతేస్తాడు చూడు. అక్కతో అనకు, ఊరికే గోల చేస్తుంది."

నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మెదపలేదు. అక్కాతమ్ముళ్ల మధ్య దూరి నేనెందుకు చెడ్డవాణ్ణి కావాలనుకున్నాను. అదీ నా ఘనత.

నెల తిరక్కుండానే డ్రైవరు గ్రేడు కోసం పంపిన కార్డు వెనక్కి వచ్చింది, పూత పూశారన్న చీటీతో. దాన్ని పట్టుకుని కొట్టుకొచ్చిన డ్రైవరు అరవలేదు. "ఎనిమిదేళ్ల వయసు నుంచి దాచుకున్నానమ్మా. మీ చేతికిస్తే భయం లేదన్నారందరూ" అన్నాడు. కొట్టులో ఇంకో ఇద్దరు వింటూ నిలబడ్డారు.

ఆవిడ కార్డుని దీపం కింద ఏటవాలుగా పట్టి చూసింది. ముఖం పాలిపోయింది. "నువ్వు గానీ ముట్టుకున్నావా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"నేనా? నీ టేబుల్ జోలికి నేనెప్పుడైనా వచ్చానా అక్కా!" రెప్ప కూడా వాల్చలేదు వెధవ.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరేమైనా చూశారా?"

నేనేది చెబితే అది నమ్మేస్తుంది ఆవిడ, పెళ్లయినప్పటి నుంచీ అంతే.

"లేదే" అన్నాను.

ఆవిడ తన వేళ్లు తిప్పి తిప్పి చూసుకుంది. "అయితే తప్పు నాదేనన్నయ్యా. ఏ గుడ్డకి ఏం అంటిందో చూసుకోలేదు" అంది డ్రైవరుతో. ఆయన కార్డు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మిగతా ఇద్దరూ తమ కార్డులు తిరిగి తీసుకుని, మళ్లీ వస్తామని అబద్ధం చెప్పి బయటపడ్డారు. ఆవిడ లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

బావమరిది హమ్మయ్య అని నా భుజం మీద చెయ్యి వేశాడు. "బావా, నువ్వు బంగారం!" అన్నాడు.

ఆ చెయ్యి తియ్యమని కూడా అనలేకపోయాను.