బావ పెట్టుకున్న ఠేకా కూలీ

మా బావ పోయాడు. మొన్న ఆదివారం తెల్లవారుతుండగా, బిర్సానగర్‌లోని తన ఇంట్లో, తన మంచం మీదే. కిడ్నీలు ఎప్పుడో అలిసిపోయాయి, చివరికి గుండె ఆగింది. కబురు విన్నవాళ్ళు చాలామంది నాకు ఫోన్ చేసి, కాస్త తటపటాయించి, "నిజమేనా, నీ ఆకతాయి పని కాదు కదా" అని అడిగారు. వాళ్ళని తప్పు పట్టను. స్టీలు ప్లాంటు పనికి మనవాళ్ళు వలసొచ్చిన ఈ హిందీ ఊళ్ళో బావా నేనూ కలిసి అంతమందిని ఆట పట్టించాం.

ఆయన మా అక్క భర్త. ఫర్నేస్ దగ్గర పర్మనెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నేను చిన్నప్పుడే బడి ఎగ్గొట్టి మళ్ళీ ఆ వైపు వెళ్ళనివాణ్ణి. ఠేకా మీద, అంటే కాంట్రాక్టరు కింద, ఇవాళ్టికీ కూలిపనే. గేటు దగ్గర కనబడితే చాలు, "ఏటిరా ఠేకావోడా, నేడైనా పని దొరికిందా" అని నలుగురిలో కేకేసేవాడు. "మీ పర్మనెంటోళ్ళు కునుకు తీత్తంటే పని లాగేది మేమే కదా బావా" అనేవాణ్ణి. తన టిఫిన్ డబ్బాలో సగం మాత్రం నాకే. "ఎవుడితోనైనా ఏలాకోలం ఆడు గానీ, అన్నం ముందు కూకున్నోడితో వొద్దు" అనేవాడు. ఠేకావాడినన్న సిగ్గు నాలో లేకుండా చేసింది ఆ కేకే. ఆయన ముందే అనేసేవాడు కాబట్టి ఇంకొకరు అనడానికి ఏమీ మిగిలేది కాదు.

కిడ్నీ జబ్బు బయటపడ్డాక ఆయన దాన్ని సగమే నమ్మాడు. డి విటమిను తక్కువైందని డాక్టరు మాత్ర రాసిస్తే, దాన్ని పక్కన పడేసి మేడ మీద చొక్కా విప్పుకుని కూర్చున్నాడు.

"ఏటి బావా, వడియంలాగ ఎండుతున్నావు?"

"ఎండలో ఊరికే వచ్చీదానికి మందెందుకురా. బతుకంతా ఫర్నేస్ ముందు నిలబడ్డోణ్ణి. నాకు ఎండ తక్కువైందంటే ఎవుడు నమ్ముతాడు?"

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు ఈ ఊరివాళ్ళకి అర్థమయ్యేలా హిందీలో చెప్పాడు. ఎండ ఇచ్చేది ముడి ఇనుము లాంటిదట. దాన్ని స్టీలు చేసే ఫర్నేస్ కిడ్నీ. ఆ ఫర్నేసే చల్లారుతోంది కాబట్టి తయారైన సరుకు మాత్రలో ఇస్తున్నారు. గుండెనీ రక్తనాళాలనీ కాచే ఒక ప్రొటీను కూడా ఎక్కువగా కిడ్నీలోనే తయారవుతుందట. జబ్బు ముదిరేకొద్దీ అదీ తగ్గిపోతుందట. డి విటమిను మందు దాన్ని కొంత నిలబెడుతుందేమోనని పరిశోధనలు చేస్తున్నారు గానీ ఇంకా ఏమీ తేలలేదన్నాడు.

ఆ ఆఖరి మాట బావ చెవికెక్కలేదు. బయటికొచ్చి అన్నాడు: "అంటే లోపల కాపలావోడు డ్యూటీ దిగిపోతన్నాడు. ఆడి బదులు ఈ మాత్ర ఠేకా కూలీ, అంతే కదా?"

"చూసావా బావా, ఆఖరికి ఠేకావోడే దిక్కయ్యాడు నీకు."

ఆయన నవ్వలేదు. "మీ అక్కని ఒక్కదాన్నీ ఒగ్గేసి నాను ఆ రక్తం కడిగే మిషనుకాడ పడుండకుండా ఈడు ఆపితే చాల్రా" అన్నాడు.

వాళ్ళకి పిల్లల్లేరు. అక్కకి మోకాళ్ళు పట్టేశాయి. వంటింట్లోంచి వాకిట్లోకి రావాలన్నా ఆయన చెయ్యి పట్టుకోవాల్సిందే.

ఆ ఆరాటంలోనే తప్పు చేశాడు. మా పనిలో చేతులు చాలకపోతే ఉన్న మనిషికే ఓవర్‌టైం ఇస్తారు. బావ కూడా అలాగే, ఎవరికీ చెప్పకుండా, రోజుకి ఒకటన్న మాత్రని రెండు చేశాడు, తర్వాత మూడు చేశాడు. ఒంట్లో కాల్షియం పెరిగిపోయి, వాంతులై, మనిషిని పోల్చుకోలేని స్థితిలో ఆసుపత్రిలో పడ్డాడు. తేరుకున్నాక నా వైపు తిరిగి, "కూలీకి ఓటీ ఇచ్చాన్రా, పని రెట్టింపవుద్దని" అన్నాడు.

"ఇచ్చావు సరే, అడిగి ఇవ్వాలి కదా బావా" అన్నాను.

నవ్వబోయి దగ్గాడు. కిడ్నీల్లో మిగిలిన కొద్ది సత్తువా ఆ దెబ్బతో పోయింది. మిషను తప్పలేదు.

డయాలిసిస్ కోసం ముంజేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ చెవి పెడితే లోపల రక్తం గుయ్యిమని పరిగెడుతూ వినిపించేది. ఆ చప్పుడు ఉందో లేదో రోజూ చూసుకోమని నర్సు చెప్పింది. ఆ పని అక్క తీసుకుంది. పొద్దున్నే టీ పెట్టకముందే వచ్చి ఆయన చేతికి చెవి ఆనించేది.

"నడుత్తందా మిల్లు?" అనేవాడు బావ.

"నడుత్తంది. మాటాడకు, ఇననీ" అనేది అక్క.

ఆదివారం అక్క ఫోన్ చేసి, "ఓపాలి రా" అంది. అంతే. నేను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. మోకాళ్ళు ఎలా వంగాయో గానీ నేల మీద కూర్చుని, మంచం అంచున ఉన్న ఆయన చేతికి చెవి ఆనించి ఉంది. ఆయన ముఖం చూశాను. తెలిసిపోయింది.

"అక్కా" అన్నాను.

తల ఎత్తకుండానే, మాట్లాడొద్దని పెదవుల మీద వేలు పెట్టింది.