మూడు బాక్సులు, బెల్లం పాకం

అనకాపల్లిలో స్టేషన్‌కి వెళ్లే దారిలో మాకు బార్ అండ్ రెస్టారెంట్ ఉండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఆటోలో దాని ముందు నుంచి వెళ్తుంటే నాకు ఇప్పటికీ చేపల పులుసు వాసన వస్తుంది. మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ముక్కు నాది, వాసన నాది.

బార్ మా బావ చూసుకునేవాడు. బావంటే మా ఆయనే, మాది మేనరికం. నేను గుమ్మం పక్కన కౌంటర్లో కూర్చునేదాన్ని. కుడి పక్క ఫ్యామిలీ హాలు, ఎడమ పక్క బార్, మేడ మీద ఫంక్షన్లకిచ్చే గది. బార్ తలుపు నాకు నాలుగడుగుల దూరమే గాని కొట్టు నడుస్తున్న వేళ ఒక్కసారి తప్ప ఏనాడూ దాటలేదు. అది మగవాళ్ల రాజ్యం, కౌంటర్ నా రాజ్యం. సరిహద్దులో గొడవలు లేవు.

గొడవలు డిష్ వచ్చాక మొదలయ్యాయి. అంతకుముందు కేబుల్ తీగ నేరుగా టీవీల్లోకి పోయేది, ఏ టీవీ గోల దానిది. మా బావ మోజుపడి డిష్ పెట్టించాడు. మూడు టీవీలకు మూడు బాక్సులు. తాగినవాళ్ల చేతికి అందకూడదని మూడింటినీ నా కౌంటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, అక్కడి నుంచి తీగలు లాగించాడు. మూడు రిమోట్లూ నాకే అప్పగించాడు. తీరా చూస్తే ఏ రిమోట్ నొక్కినా మూడు బాక్సులూ కలిసికట్టుగా మారిపోయేవి.

మొదటి ఆదివారమే నా పని అయిపోయింది. ఫ్యామిలీ హాల్లో చంటివాడు ఏడుస్తున్నాడు, కార్టూన్ పెట్టమ్మా అని వాళ్లమ్మ అడిగింది. పెట్టాను. బార్లో ఆఖరి ఓవర్ నడుస్తోందని నాకేం తెలుసు. అక్కడ బౌలర్ పరుగెత్తుకొస్తూ పిల్లి అయిపోయాడట. లోపలి నుంచి వచ్చిన అరుపులకి చంటివాడు రెట్టింపు ఏడ్చాడు. క్రికెట్ తిప్పితే హాల్లో ఆడవాళ్లు గొణిగారు. మేడ మీద నిశ్చితార్థానికి వచ్చిన పెద్దాయన దిగి వచ్చి, "ఏటమ్మా, టీవీకి దెయ్యం పట్టిందా?" అనడిగాడు.

డిష్ పెట్టిన కుర్రాడిని పిలిపించి నిలదీశాను. అతను తాపీగా, "మూడూ ఒకే కంపెనీవి కదండీ మేడం, ఒకే మాట వింటాయి" అన్నాడు. మా ఇంట్లో నా మాట ఒక్కళ్లూ వినరు, ఇవి మాత్రం మూడూ వింటాయట.

ఉపాయం చివరికి నాకే తట్టింది. బాక్సు ముందు రిమోట్ వెలుగు పడే చిన్న కన్ను ఉంటుంది. అది మూసేస్తే బాక్సు గుడ్డిది. మూడు అగ్గిపెట్టెలు తెచ్చి, పైడొప్పల్ని గొట్టాల్లా మూడు కళ్ల మీదా అంటించాను. పుల్లలుండే అరకి సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం చుట్టి డొప్పలోకి తోస్తే తలుపు మూసుకున్నట్టు, లాగితే తెరుచుకున్నట్టు. కావలసిన బాక్సు తలుపు తీసి, రిమోట్ దాని మూతి దగ్గర పెట్టి నొక్కడమే. మిగతా రెండూ ఉలకవు, పలకవు.

అంటించడమే కష్టమైంది. వంటింటి సెగకి టేపు ఊడిపోయేది. మైదా జిగురు ఎండి పెచ్చులు లేచేది. బెల్లం ఊళ్లో పుట్టినదాన్ని, అంటుకోవాలంటే నాకు గుర్తొచ్చేది బెల్లమే. మా తాతల ఇంటి గోడలకి సున్నంలో బెల్లం కలిపి కట్టారని మా నాయనమ్మ చెప్పేది. ముదురు పాకం పట్టి అంటించాను. రాయిలా పట్టేసింది.

మా బావ చూసి, "సీమలు పడతాయే" అన్నాడు.

"గోడలకి పట్టని చీమలు వీటికి పడతాయా? నీకు చేతకాలేదు, నేను చేస్తే వంకలు" అన్నాను.

"నీ ఇట్టం" అని వెళ్లిపోయాడు. ఆ మనిషితో ఉన్న చిక్కే అది, పోట్లాడనివ్వడు.

ఇక మా మాస్టరు. వంటాయన్ని అందరూ మాస్టరనే పిలిచేవాళ్లం. బుచ్చయ్యపేట దగ్గర పల్లెటూరాయన, యాభై దాటి ఉంటాయి. ఆదివారం పొద్దున్నే చర్చిలో మొదటి ఆరాధనకి వెళ్లి, తెల్లచొక్కాతో వచ్చి, అది విప్పి మేకుకి తగిలించి పొయ్యి వెలిగించేవాడు. పొయ్యికి దూరంగా గోడ మీద ఆయన భార్య ఫోటో ఉండేది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి. ఒకప్పుడు మాస్టరు బాగా తాగేవాడట. ఆవిడ పోయేరోజున ఇంకెప్పుడూ బార్ గడప తొక్కనని మాటిచ్చాడు. అలాంటి మనిషికి బార్ వంటింట్లోనే పని దొరికింది, దేవుడి హాస్యం అలా ఉంటుంది. వంటింటికీ బార్‌కీ మధ్య గోడకి కిటికీ ఉండేది. ప్లేట్లన్నీ అందులోంచే ఇచ్చేవాడు. బార్‌కి రోజూ వచ్చేవాళ్లకి ఆయన చేతులు తెలుసు గాని ముఖం తెలీదు. ఆరేళ్లు ఆ గడప తొక్కలేదు.

ఒక్కత్తే కూతురు, విశాఖలో నర్సింగ్ చదివేది. ఒకసారి తండ్రిని చూడ్డానికి వచ్చింది. అచ్చం ఫోటోలోని మనిషే. నేనా మాటంటే మాస్టరు మురిసిపోయి, "పాపిడి ఒక్కటేనమ్మా తేడా. ఆళ్లమ్మ కుడేపు తీసేది, ఇది ఎడంయేపు తీత్తాది" అన్నాడు.

ఆ ఏడాది క్రిస్మస్ ముందు ఆ పిల్ల కౌంటర్‌కి ఫోన్ చేసింది. వాళ్ల కాలేజీ అమ్మాయిల క్వయర్ బృందం పాటలు టీవీలో వేస్తారట, అందులో ఒక చరణం తనొక్కత్తే పాడుతుందట. మాస్టరు ఫోన్ పెట్టేసి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆరేళ్లలో నన్ను జీతం ముందు అడగలేదు, సెలవడగలేదు.

"ఆదోరం మూడింటికంటమ్మా. ఒక్కపాలే ఏత్తారంట. మా ఈదిలో కేబులోడు ఆ సానల్ ఇవ్వడు. మన హాల్లో అరగంట పెడతారేటి?" అన్నాడు.

"దానికి అడగాలా మాస్టరూ? నేను చూసుకుంటాను" అన్నాను.

ఆ ఆదివారం మా బావ మాడుగులలో పెళ్లికి వెళ్లాడు, హల్వా తెస్తానని చెప్పి. బార్లో మ్యాచ్ నడుస్తోంది. హాల్లో రద్దీ తగ్గాక టీవీకి ఎదురుగా కుర్చీ వేయించాను. మాస్టరు మేకు మీది తెల్లచొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చి కూర్చున్నాడు. మూడుకి పది నిమిషాలుంది. నేను హాలు బాక్సు అగ్గిపెట్టె లాగి రిమోట్ నొక్కాను. టీవీ నల్లగా అయిపోయింది. మళ్లీ నొక్కాను. బాక్సు మీద దీపం కూడా ఆరిపోయింది.

వంగి చూశాను. డొప్ప కింద నుంచి బాక్సు కన్నాల్లోకి ఎర్రచీమల బారు. కింది రెండు బాక్సులూ పుట్టలైపోయాయి. మేడ మీది టీవీ కూడా చచ్చింది. అన్నిటికీ పైన పెట్టిన బార్ బాక్సు ఒక్కటే బతికుంది, చీమలింకా అంత ఎత్తు ఎక్కలేదు. తీగలు మార్చి పెడదామంటే వెనక చుట్టలు చుట్టలుగా ఉన్నాయి, ఏది దేనిదో మా బావకే తెలుసు. ముట్టుకుంటే ఉన్నదీ పోతుందని భయం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నేను వేసిన మందు అదే. నా మీద నాకే వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

"మాస్టరూ, బార్లోకి రండి. ఒక్క అరగంట. ఆవిడేం అనుకోదు" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఒద్దమ్మా. మాటిచ్చేను" అని వంటింట్లోకి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. బార్ టీవీ సరిగ్గా ఆ కిటికీ పైనే, అదే గోడకి ఉండేది. అక్కడి నుంచి పాట వినబడుతుంది గాని బొమ్మ కనబడదు. "ఇంటానమ్మా, సాలు" అన్నాడు.

చాలదు. నాకు చాలదు. బార్ బాక్సు అగ్గిపెట్టె లాగి ఛానల్ తిప్పాను. లోపల అరుపులు లేచాయి. రిమోట్ చేత్తో పట్టుకుని తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. నన్ను చూసి అందరూ బిత్తరపోయారు. బెల్లం మార్కెట్లో దళారీ ఒకాయన, రోజూ వచ్చే మనిషే, "ఏటి సెల్లెమ్మా, ఇంకా నాలుగోవర్లే ఉంది" అన్నాడు.

"మీరు ఆరేళ్లుగా లొట్టలేసుకుని తింటున్న పులుసు ఆయనది. ఇప్పుడు పాడబోయేది ఆయన కూతురు. ఇష్టమైతే ఉండండి, లేకపోతే లేవండి" అన్నాను.

అందరూ కిటికీ వైపు తిరిగారు. అందులో తెల్లచొక్కా, పైన ముఖం. దళారీ ఆ ముఖాన్ని చూశాడు, పైన టీవీని చూశాడు, వెనక్కి తిరిగి ఎదుటి గోడని చూశాడు. ఆ గోడ పొడవునా సీసాల అర, అర వెనక అద్దం. లేచి వెళ్లి ఒక్కో సీసా తీసి కింద పెట్టడం మొదలెట్టాడు. "సూత్తారేటి, పట్టండి మామా" అన్నాడు. ఇంకో ఇద్దరు లేచారు. అర ఖాళీ అయ్యేసరికి అద్దంలో టీవీ మొత్తం కనిపించింది.

తెల్లచీరల్లో ఇరవైమంది ఆడపిల్లలు. మూడో పాటలో ఆ పిల్ల ఒక్కడుగు ముందుకొచ్చి పాడింది. సన్నటి గొంతు, ఎక్కడా తొణకలేదు. నేను వంటింట్లోకి వెళ్లి మాస్టరు పక్కన నిలబడ్డాను. ఆయన రెప్పవేయకుండా అద్దంలోకి చూస్తున్నాడు.

"పాపిడి కుడేపుందమ్మా" అన్నాడు మెల్లగా.

"అద్దం కదా మాస్టరూ, తిరగబడి కనిపిస్తుంది" అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చాడు. "నాను గడప తొక్కనని మాటిచ్చేను గదా. అందుకని ఆళ్లమ్మే వచ్చింది."