చెల్లి పలికిన ‘క’

మా చిన్నప్పుడు... హంసలదీవి దగ్గర మా పల్లె బాలబడిలో, వసారాలో చాప మీద గుండ్రంగా కూర్చునేవాళ్లం. సుశీల టీచరుగారు ఒక మాట అనేవారు. అందులో మొదట ఏం వినపడిందో మేం చెప్పాలి.

"పడవ!"

"ప...!" అని అరిచేవాళ్లం.

మా చెల్లి మంగ మాత్రం పక్కపిల్ల నోరు చూసి, ఆనక అనేది. దానికి నాలుగేళ్లు, నాకు ఐదు నిండాయి. ‘అక్క’ అనడం రాక నన్ను ‘అత్త’ అనేది. అందరూ నవ్వేవాళ్లు... నాకు తల కొట్టేసినట్టుండేది. ఇంటికొచ్చాక "క అనవే మొద్దూ!" అని వీపు మీద చరిచేదాన్ని.

ఒకరోజు టీచరుగారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "వల" అన్నారు. మేమంతా "వ" అన్నాం. మంగ ఆవిడ కళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. వెనక నుంచి పేరు పెట్టి పిలిచారు... తిరగలేదు.

సాయంత్రం చేపలమ్ముకుని వచ్చిన అమ్మతో "పిల్లకి సరిగ్గా వినపడట్లేదమ్మా" అన్నారు.

"అదేంటండీ, పిలిస్తే పలుకుద్దిగా!"

"నీ మొహం చూసి పలుకుతోంది."

అమ్మ చెల్లిని బందరు తీసుకెళ్లింది.

అక్కడి డాక్టరుగారు చెవికి మిషను పెట్టించారు. దాని హోరుకి చెల్లి ఏడ్చి పీకేసేది. టీచరుగారే రోజూ దాని చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని "క... క..." అనేవారు. నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం చెల్లి నా వైపు తిరిగి "అక్...క" అంది. టీచరుగారు దాన్ని ఎత్తుకుని ఏడ్చేశారు.

ఆ ఎండాకాలమే భర్తకు బదిలీ అయి వెళ్లిపోతూ, "రోజూ పావుగంట నువ్వు చెల్లిని కూర్చోబెట్టి పలికించు తల్లీ" అని నాకు అప్పజెప్పారు.

నాలుగు రోజులు చేశాను... తర్వాత ఆటల్లో పడిపోయాను.

చెల్లి మళ్లీ ‘అత్త’ అనడం మొదలుపెట్టింది. నవ్వుతున్నారని కొన్నాళ్లకు అదీ మానేసింది. బడీ మానేసింది.

ఇప్పుడు చాలాచోట్ల పుట్టగానే పిల్లలకు ఆసుపత్రిలోనే వినికిడి పరీక్ష చేస్తున్నారు. శబ్దాలు నేర్పే ఆటలు ఫోన్లోనే దొరుకుతున్నాయి. గుడివాడ నుంచి నేను వీడియో కాల్ చేస్తే మంగ నవ్వుతుంది, ఎండబెట్టిన చేపలు చూపిస్తుంది, పిల్లల్ని చూపిస్తుంది... నోరు మాత్రం విప్పదు.

అప్పుడు నువ్వూ పసిదానివేగా అంటారందరూ. నిజమే... కానీ రోజుకో పావుగంట నా చేతిలో ఉండేది కదా.

చిన్నతనంలో మీరూ ఇలా సగంలో వదిలేసినది ఏదైనా ఉంటే రాయండి... ఎంత పాతదైనా సరే.