పక్క సీటులో నిదానం గారు

డిపోలో ఆయన్ని అందరూ ‘నిదానం’ అని పిలిచేవారు. ముప్పై రెండేళ్లు సిటీ బస్సు నడిపి, ఒక్క మనిషికి గీత కూడా పడనివ్వకుండా రిటైరైన డ్రైవరు. వీడ్కోలు రోజున మేనేజరు ఆయన చేతికి పూలగుత్తి ఇచ్చి, “ఇక హాయిగా కాళ్లు చాపుకోండి” అన్నాడు.

కాళ్లు చాపుకోవడం వారానికే మొహం మొత్తింది. తెల్లవారకముందే మెలకువ వచ్చేది. ఒకరోజు వంటింట్లో డబ్బాలన్నీ దించి, ఎత్తుల వారీగా సర్ది, భార్యకు ఉప్పు దొరక్కుండా చేశాడు. గోడ గడియారం రెండు నిమిషాలు వెనకుందని రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు.

“ఏమండీ, బస్సు దిగారని సంతోషించాను. తీరా చూస్తే నా నెత్తికెక్కారు” అంది ఆవిడ.

కూతురు ఫోన్ చేసి, “స్టీరింగ్ లేక తోచట్లేదేమో నాన్నా, ఎక్కడైనా డ్రైవరుగా చేరకూడదూ?” అంటే మాట మార్చేశాడు.

కింది వాటాలో ఒక నర్సు ఉండేది. ఆదివారం ఉదయం కారు మీది కవరు తీసి, ఇంజను స్టార్ట్ చేసి, పది నిమిషాలు లోపల కూర్చుని, ఆపేసి మళ్లీ కవరు కప్పేది. మూడు ఆదివారాలు బాల్కనీ నుంచి చూశాడు. నాలుగోసారి ఉండబట్టలేక మెట్లు దిగాడు.

“ఏమ్మా, బండి గేటు దాటదా?”

“బ్యాటరీ పోకుండా అంతే, బాబాయ్ గారూ. రెండేళ్ల కిందట మలుపులో ఒక స్కూటర్ అడ్డమొచ్చింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ అప్పట్నుంచీ చేతులు వణుకుతాయి. మీలాంటివాళ్లు వింటే నవ్వుతారు.”

ఆయన నవ్వలేదు. బానెట్ మీద చెయ్యి ఆనించాడు.

“నాకూ వణికేవమ్మా” అన్నాడు.

పైన బట్టలు ఆరేస్తున్న భార్య చేతిలోని చొక్కా అలాగే ఆగిపోయింది.

“రోజూ మొదటి స్టాపు దాటేదాకా గుండె దడదడలాడేది. వెనకాల యాభై మంది ప్రాణాలు మరి. నిదానం, నిదానం అని ఏడిపించేవాళ్లు. అది నిదానం కాదమ్మా, భయం. రిటైరైతే అందరూ జాలిపడ్డారు. నాకేమో వీపు మీంచి బండరాయి దించినట్టయింది. పైకి చెబితే బాగుండదని ఊరుకున్నా.”

ఆ పూటే పక్క సీటులో కూర్చున్నాడు. వీధి చివర మలుపు దగ్గర ఆమె బ్రేకు తొక్కి బిగుసుకుపోయింది. వెనక ఎవరో హారన్ మోగించారు.

“మోగించనీ. హారన్ తగిలి చచ్చినవాడు లేడు. చేతులు వణుకుతున్నాయా? వణకనీ. ముందు ఎవరున్నారు, వెనక ఎవరున్నారు, పైకి చెబుతూ నడుపు. నేను లోలోపల అదే చేసేవాణ్ణి.”

“ముందు సైకిల్... వెనక ఆటో... పక్కన ఎవరూ లేరు...” చెబుతూ చెబుతూనే ఆమె మలుపు తిరిగింది. తిరిగానని మరో రెండు వీధులు దాటాక గాని ఆమెకు తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. “ఇన్నేళ్లు కాపురం చేశాం. నాతో ఒక్క ముక్క అనలేదే?”

“చెబితే నువ్వూ భయపడతావని. ఇంట్లో ఒకడు చాలడూ?”

“నేను భయపడలేదని మీకెవరు చెప్పారు? మీరు డ్యూటీ దిగి మెట్లెక్కే చప్పుడు వినేదాకా నాకు ముద్ద దిగేది కాదు!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆవిడే నవ్వింది. ఆయన నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆరో వారంలో నర్సు ఒంటరిగా ఆసుపత్రికి బయలుదేరింది. ఆయన ముందు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అరగంటకు ఫోన్ మోగింది. “చేరాను, బాబాయ్ గారూ! పార్కింగ్ కూడా ఒక్కసారికే కుదిరింది!”

“హమ్మయ్య” అని కుర్చీలో కూలబడ్డాడు.

ఆయన సంగతి ఆమె నోటి నుంచే పాకింది. ఆసుపత్రిలో పనిచేసే ఇంకో ఇద్దరు వచ్చారు, తర్వాత ఒక దర్జీ, ఆ తర్వాత అరవై దాటిన ఒక పంతులమ్మ. ఇప్పుడు రోజూ పొద్దున ఎవరో ఒకరి పక్క సీటులో ఉంటాడు. “ఒక్కసారి మీరు నడిపి చూపించండి” అని ఎవరైనా అడిగితే, “నా వంతు అయిపోయిందమ్మా” అని సీటుబెల్టు పెట్టుకుంటాడు. మధ్యాహ్నం అన్నం తినగానే ఆదమరిచి నిద్రపోతాడు.