తౌఫీక్‌ను ఇంటికి తెచ్చిన కృప

కృప పుట్టింది అమరచింతలోనే అయినా ఆమెకు ఊహ తెలిసింది పుణె శివార్లలో కడుతున్న అపార్ట్‌మెంట్ల మధ్య. తండ్రి ఆశీర్వాదం సెంట్రింగ్ పని చేసేవాడు. తల్లి ఎస్తేరమ్మ ఇటుకలు మోసేది. ఒకసారి ఎస్తేరమ్మ కాలిలో చువ్వ దిగితే సర్కారు దవాఖానలో ఒక నర్సు కట్టు కట్టింది. తిట్టకుండా, విసుక్కోకుండా కట్టింది. పక్కన నిలబడి చూసిన కృప తానూ ఆ పనే చేస్తానని ఆ రోజే తల్లితో అన్నది. తర్వాత వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకుంది. మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ పూర్తిచేసి, హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో పనిచేసి, పైచదువుకు ఇంగ్లండు వెళ్లింది.

లెస్టర్ పట్టణంలో ఆమె ఉన్న ఇంట్లో నలుగురూ పాత పాలమూరు వాళ్లే. గద్వాల నుంచి ఉదయ్ కిరణ్, నాగర్‌కర్నూల్ నుంచి శ్రీజ, పెబ్బేరు నుంచి తౌఫీక్. అందరిలోకి చిన్నవాడు తౌఫీక్. కృపను అక్కా అని పిలిచేవాడు. ఇండియన్ షాపులో జొన్నపిండి తెచ్చి రొట్టెలు చేయబోయి, విరిగిపోయిన ముక్కల్నే పచ్చిపులుసులో ముంచి అందరికీ తినిపించేవాడు.

శని, ఆదివారాల్లో ఎవరి పనికి వాళ్లు పోయేవారు. ఇద్దరు గోదాములో, ఒకరు హోటల్లో, కృప ముసలివాళ్ల హోంలో. మే నెలలో ఒక వారాంతం మాత్రం నలుగురికీ సెలవు కలిసొచ్చింది. ఉదయ్ కిరణ్ కారు కిరాయికి తీసుకున్నాడు. శ్రీజ పులిహోర కలిపింది. పొద్దున్నే బయలుదేరి వేల్స్ కొండల్లో ఒక సరస్సు దగ్గరికి చేరుకున్నారు.

ఎండ బాగా కాస్తోంది. అక్కడివాళ్లు పిల్లలతో గడ్డిమీద పడుకుని ఉన్నారు. నీళ్లు కదలకుండా ఉన్నాయి.

"అక్కా, మన సోమశిల కాడ గిట్లనే ఉంటది గద," అన్నాడు తౌఫీక్.

"గట్లనే ఉంది. కాని నీళ్లు సల్లగ ఉంటయేమో రా."

"ఎండ గింత గొడుతుంది, ఏం సల్లగ. ఒక్కసారి అటుదాంక పోయి వస్త."

జూరాల కాల్వల్లో ఈత నేర్చుకున్న పిల్లవాడు. ఎవరికీ భయం వేయలేదు. ఒడ్డున నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. కొంచెం లోపలికి వెళ్లేసరికి అడుగున చలికాలం నీళ్లు అలాగే ఉన్నాయి. వాటిలోకి వెళ్లగానే అతనికి ఊపిరి అందలేదు. చేయి పైకెత్తాడు. తమను రమ్మంటున్నాడనుకుని శ్రీజ కూడా చేయి ఊపింది. ఆ తర్వాత తల కనిపించలేదు.

ముగ్గురికీ ఈత రాదు. వాళ్లు అరిచిన అరుపులకు ఒడ్డున ఉన్నవాళ్లు లేచి పరుగెత్తుకొచ్చారు. ఇద్దరు దూకి, చలికి వణుకుతూ తిరిగొచ్చారు. రక్షణ సిబ్బంది వచ్చి పడవలో వెతికి తౌఫీక్‌ను బయటికి తెచ్చారు. వాళ్లు ఛాతీ నొక్కుతుంటే కృప పక్కనే మోకాళ్లమీద కూర్చుంది. ఐసీయూలో ఎన్నోసార్లు చేసిన పని అది. వాళ్లు చేతులు తీయకముందే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

ఇంటికి ఎవరు చెప్పాలి అన్నప్పుడు ఉదయ్ కిరణ్ ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కృప ఫోన్ తీసుకుంది.

తౌఫీక్ తండ్రి దావూద్ పెబ్బేరు సంతలో పశువులకు పలుపులు, మువ్వలు అమ్ముతాడు. ఆ రోజు సంత రోజు. ఫోన్ ఎత్తగానే ఎద్దుల రంకెలు, బేరాల కేకలు వినిపించాయి.

"చాచా, నేను కృపను. తౌఫీక్‌తోని ఒకటే ఇంట్ల ఉంటం."

"చెప్పు బిడ్డా. సంతల ఉన్న, జర గట్టిగ మాట్లాడు."

"చాచా, జర పక్కకు రాండ్రి."

"ఇనొస్తలేదు బిడ్డా. గట్టిగ."

ఆ మాటను ఆమె గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. తౌఫీక్ నీళ్లలో మునిగాడని, ప్రాణం పోయిందని, ఎవరికో ధర చెప్పినట్టు అరిచి చెప్పింది. గడ్డిమీద ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అవతల దావూద్ ఫోన్ పెట్టలేదు. చాలాసేపు సంత చప్పుడే వినిపించింది.

అక్కడి పోలీసుల విచారణ, డాక్టర్ల పరీక్ష ముగిసేసరికి రెండు వారాలు దాటింది. అక్కడే మట్టి చేద్దామని లెస్టర్ మసీదు పెద్దలు అన్నారు. తల్లి రహీమాబీ ఒప్పుకోలేదు. పెద్దలు గుసుల్ స్నానం చేయించి, శవాన్ని కఫన్ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టారు. వెంట ఎవరో ఒకరు పోవాలి. ఉదయ్ కిరణ్ అప్పటికే సరిగా నిద్ర లేక, తిండి లేక మంచం పట్టాడు. శ్రీజ భయపడింది. కృప వెళ్లింది.

శంషాబాద్ నుంచి అంబులెన్సులో డ్రైవర్ పక్కన కూర్చుని పెబ్బేరు చేరింది. ఇంటి ముందు షామియానా వేశారు. ఆమె దిగుతుండగా వెనక ఎవరో మెల్లగా, "తాగి నీళ్లల్ల దిగిన్రంట," అన్నారు.

కృప ఆగింది. "తాగలే. పులిహోర తిన్నం, చాయ్ తాగినం. ఆడు తాగేటోడు కాదు," అని ఆ మనిషి ముఖం చూసి చెప్పింది. అతను తల దించుకున్నాడు.

పెట్టె తెరవాలా వద్దా అని పెద్దలు మాట్లాడుకున్నారు. స్నానం అక్కడే అయింది కాబట్టి తెరవాల్సిన పని లేదని, రోజులు గడిచాయి కాబట్టి తెరవకపోవడమే మేలని అన్నారు. దావూద్ కృపను గోడ పక్కకు పిలిచాడు.

"నువ్వు చూసినవు గద బిడ్డా. వాళ్లమ్మ చూడొచ్చా?"

మార్చురీలో కృప చూసిన ముఖం ఉబ్బి, రంగు మారి ఉంది. ఐసీయూ బయట, చనిపోయిన బిడ్డల్ని చూడకుండానే వెళ్లిపోయిన తల్లుల్నీ ఆమె చూసింది. వాళ్లలో ఒకామె నెలల తర్వాత కూడా వచ్చి, తన కొడుకు లోపలున్నాడా అని అడిగేది.

"ముఖం మంచిగ లేదు చాచా. అబద్ధం చెప్ప. కాని చూడకుంటే ఆమె నమ్మదు. చూడనియ్యుండ్రి. నేను పక్కన ఉంట."

దావూద్ పెద్దలతో మాట్లాడి ఒప్పించాడు. మూత తీశారు. రహీమాబీ వంగి చూసింది. అందరూ ఆమె పడిపోతుందని చేతులు చాచారు. ఆమె పడలేదు. కఫన్ అంచు కొద్దిగా జరిపి, నుదుటిమీద చేయి పెట్టింది.

"పాపిడి ఎవరు తీసిన్రు?" అని అడిగింది. "వీడు పాపిడి తియ్యడు. ఎన్కకు దువ్వుతడు."

ఆమె వేళ్లతోనే జుట్టు వెనక్కి దువ్వింది. రెండుసార్లు దువ్వి చేయి తీసేసింది. అప్పుడు దావూద్ గట్టిగా ఏడ్చాడు.

మగవాళ్లు జనాజా ఎత్తుకుని ఖబరస్తానుకు పోయాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. లోపలి అర్రలో ఆడవాళ్ల మధ్య రహీమాబీ కృప చేయి పట్టుకుని కూర్చుంది.

"చాన సేపు కొట్టుకున్నడా?"

"లేదమ్మా. ఒకసారి చెయ్యెత్తిండు. మునిగినంక మల్ల తేలలే."

"నన్ను పిలిచిండా?"

"మాకు దూరం ఉండె. ఇనరాలే."

రహీమాబీ తల ఊపింది. పిలిచాడని చెబితే ఆమెకు కొంత ఊరట కలిగేదేమో. కృపకు ఆ మాట నోటిదాకా వచ్చింది. వినని మాట విన్నానని చెప్పలేకపోయింది.

పుణె పని మానుకుని అమరచింతలో ఉంటున్న ఎస్తేరమ్మ వచ్చి కూతుర్ని తీసుకుపోయింది. ఇంటికి చేరాక, "ఇగ పోకు బిడ్డా. ఈడనే దవాఖానల చేస్కో," అన్నది. ఆశీర్వాదం కూడా అదే అన్నాడు. కృప వారంపాటు ఇంట్లో పడుకునే ఉంది. తర్వాత లేచి బట్టలు సర్దుకుంది. ఎందుకు పోతున్నావని తల్లి అడిగితే, "ఆడ చదువు సగం ఉంది," అని మాత్రం చెప్పింది.

లెస్టర్‌లో ఆ ఇల్లు నిలవలేదు. ఉదయ్ కిరణ్ చదువు వదిలేసి గద్వాలకు వచ్చేశాడు. శ్రీజ వేరే ఊరికి మారింది. తౌఫీక్ గదిలోని బట్టలు, బూట్లు కృపే మూటకట్టి మసీదులో ఇచ్చి, తానూ ఇంకో ఇంట్లో గది చూసుకుంది. చదువు పూర్తిచేసింది. ఇప్పుడు అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. వేసవిలో తోటివాళ్లు ఎక్కడికైనా పోదామంటే డ్యూటీ ఉందని చెబుతుంది.

మొదట్లో ప్రతి శుక్రవారం రహీమాబీకి ఫోన్ చేసేది. నాలుగైదు వారాలు ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. తర్వాత ఒక రోజు రహీమాబీ మెల్లగా చెప్పింది.

"నువ్వు ఏమనుకోకు బేటీ. నీది ఆ దేశం నంబరు. మోగినప్పుడల్ల వాడే అనుకుంట. ఎత్తినంక నువ్వైతవు."

"ఇగ చెయ్యనమ్మా," అన్నది కృప.

దావూద్ ఫోన్ అందుకుని, తానే అప్పుడప్పుడు చేస్తానన్నాడు. అది జరిగి ఏడాది దాటింది. ఆయన ఇంకా చేయలేదు. కృప కూడా చేయలేదు.