తల్లిగారింటి కార్డు

డెబ్భైల మొదట్లో, నాకు ఇరవై ఏళ్ళప్పుడు, ఒక వేసవిలో ఐదు వారాలు, అప్పటికింకా పల్లెగానే ఉన్న పుప్పాలగూడలో ఆడవాళ్ళకు చదువు చెప్పడానికి వెళ్ళాను. మాది గుంటూరు వైపు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి బి.ఎ. చదువుతున్నాను. పొలం పనులు ముగించుకుని పదకొండు మంది ఆడవాళ్ళు బడి అరుగు మీదికి వచ్చేవారు. వాళ్ళలో ఒకామె నాకంటే పదేళ్ళు పెద్ద. బలపం ఆమె వేళ్ళ మధ్య రోజుకొకటి విరిగేది. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని.

రెండో వారంలో ఆమె ఒక పోస్టుకార్డు తెచ్చింది.

"తల్లిగారింటికెల్లి వచ్చింది టీచరమ్మా. జర సదివి చెప్పు."

చెయ్యి చాపబోయి ఆగిపోయాను. సొంత ఉత్తరాన్ని మించిన వాచకం లేదని మాకు శిక్షణలో చెప్పారు. "నేను చదవను అక్కా. నేను వెళ్ళేలోగా నువ్వే చదివి నాకు చెప్పాలి," అన్నాను.

"గంతే అంటవా?" అని నవ్వింది. "ఏముంటది తియ్యి. జాతరకు రమ్మని ఏటా రాపిస్తరు."

మొదటి పాఠంలో అక్షరాలు విడదీయకుండా నేర్పిన 'అమ్మ' అన్న మాటను కార్డులో వెతికి పట్టుకుంది. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత రోజూ కార్డు కొంగున కట్టుకుని వచ్చేది. ఒక రోజు 'నీ కోసం అడుగుతోంది' అని చదివింది. ఇంకో రోజు 'రావలెను' అని చదివి, "సూసినవా, జాతరనే," అంది. వత్తులున్న మాటల దగ్గర మాత్రం వేలు ఆగిపోయేది. వత్తులు నేను చివరి వారంలో గాని మొదలుపెట్టలేదు. ఆ కార్డును ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకోలేదు. అలా పట్టుదలగా ఉండటం నాకు గొప్పగా అనిపించేది.

నేను వెళ్ళే రోజు పొద్దున లింగంపల్లి స్టేషనుకు ఒక ముసలాయన ఎడ్లబండి కట్టాడు. నన్ను సాగనంపడానికి ఆమె పని మానుకుని వచ్చి నా పెట్టె పక్కన కూచుంది. నానక్‌రామ్‌గూడ దాటి రాళ్ళగుట్టల మధ్యకు వచ్చాక కొంగుముడి విప్పింది.

"వత్తులు గూడ చెప్పినవు గద. ఇయ్యాల మొత్తం సదువుత, ఇను." వేలు పెట్టి మొదలుపెట్టింది. "అమ్మకు... ప..." అక్కడ ఆగింది. "గిదేంది టీచరమ్మా? క లెక్కనే ఉంది, క కాదు."

వంగి చూశాను. "క్ష," అన్నాను. అంతలోనే నా కళ్ళు మిగతా అక్షరాల మీద పరుగెత్తాయి. అమ్మకు పక్షవాతం వచ్చింది. నీ కోసం అడుగుతోంది. త్వరగా రావలెను.

ఆమె ఇంకా పాఠం చదివే గొంతుతోనే కూడబలుక్కుంటోంది. "ప... క్ష... వా... తం." తలెత్తి నా మొహంలోకి చూసింది. "పచ్చవాతమా? మా అమ్మకా?"

తల ఊపాను. కార్డు వచ్చి మూడు వారాలు దాటింది.

"జల్ది తోలు తాతా," అని మాత్రం అంది.

స్టేషనులో, నేను ఎక్కాల్సిన బండి కంటే ముందు వికారాబాదు వైపు పాసింజరు వచ్చింది. "తల్లిగారింటికి పోయిన్నని ఇంట్ల చెప్పు," అని ముసలాయనతో చెప్పి ఆమె ఎక్కింది. నా పెట్టె తీసుకుని నేనూ ఎక్కాను. ఆమె రావద్దనలేదు, రమ్మనలేదు. ఎక్కడ దాటిపోతామోనన్న భయంతో ప్రతి స్టేషను బోర్డూ పెదవులు కదుపుతూ చదువుకుంది. శంకర్‌పల్లిలో దిగి అరగంట నడిచాం.

వాళ్ళ అన్న గుమ్మంలోనే ఎదురయ్యాడు. "ఇప్పుడొస్తివా? వారం కిందిదాంక నీ పేరే తలిచింది. ఇగ మాట పడిపోయింది."

నులక మంచం మీద తల్లి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కూతుర్ని గుర్తుపట్టిందో లేదో ఎవరికీ తెలియలేదు. ఆమె మంచం పట్టెకు ఆనుకుని కింద కూచుని, తల్లి చెయ్యి తన చెంపకు ఆనించుకుంది.

"కార్డు అందలేదా?" అన్న అడిగాడు.

ఆమె ఒక్కసారి నావైపు చూసింది. "అందింది. నాకు సదువుడు రాలె. ఈ టీచరమ్మ నేర్పినంక సదివిన."

ఆయన నాకు చేతులు జోడించాడు. "మా శెల్లెకు సదువు చెప్పి, ఇంటిదాంక తోలుకొచ్చినవు. పున్నెముంటది తల్లీ నీకు."

జరిగింది అక్కడే చెప్పి ఉండాల్సింది. వాళ్ళిచ్చిన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాను.

బయలుదేరేటప్పుడు ఆమె బాట దాకా వచ్చింది. "టీచరమ్మా, ఆ దినమే సదివి చెప్తే ఏమాయె?" ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"తప్పు నాదే అక్కా," అన్నాను. ఆమె "అమ్మను పక్కకు తిప్పాలె, పోత," అని లోపలికి వెళ్ళిపోయింది.

దసరా సెలవుల్లో మళ్ళీ పుప్పాలగూడ వెళ్ళాను. తల్లి వానాకాలంలోనే పోయిందట. ఆమె మళ్ళీ పలక పట్టలేదని మిగతావాళ్ళు చెప్పారు. ఇంటికి వెళితే పీట వేసి కూచోబెట్టింది. పొలం సంగతులు మాట్లాడింది. కార్డు మాట ఎత్తలేదు. నేను లేవబోతుంటే, "మీ అమ్మ మంచిగుందా టీచరమ్మా?" అని అడిగింది.

నేను మళ్ళీ పీట మీద కూచున్నాను.