బూడిద కుండలోని కందులు

నాకు ఓపిక తక్కువ. అడిగి తెలుసుకునేలోపల పని అయిపోవాలంటాను. ఆ గుణమే పోయిన ఎండాకాలం నా పీకల మీదికి తెచ్చింది.

మాది మగ్గం నేసే ఇల్లు. పుట్టిల్లూ అంతే, మెట్టినిల్లూ అంతే. ఆలూరు దగ్గర మా అత్తగారి వాటాకు వచ్చిన మూడెకరాల మెట్ట బీడుగా పడి ఉంటే, మగ్గం ఆపి సేద్యం చేద్దామని నేనే మా ఆయన వెంటపడ్డాను. మన చేలో పండిందే మన పొయ్యి మీద ఉడకాలి, పప్పు కూడా అంగట్లో కొనకూడదు, ఇదీ నా పంతం. ఊళ్లో నవ్వారు. "మగ్గం గుంతలో కూచున్నోళ్లు మడక పట్టి దున్నుతారంటప్పా," అని మా ఎదుటే అన్నారు. నాకు ఒళ్లు మండింది గాని, లోపల భయం కూడా వేసింది. వాళ్లన్నదాంట్లో అబద్ధమేముంది?

నవ్వనిది పక్కింటి అవ్వ ఒక్కతే. ఆమె దగ్గర పాతకాలపు కంది విత్తనం ఉండేది. గింజ చిన్నది, ఎర్రగా ఉంటుంది. చుట్టుపక్కల అందరూ పత్తికి పోయాక ఆ విత్తనం ఇంకెవరింట్లోనూ మిగల్లేదు. అవ్వ మాత్రం ఏటా పెరట్లో నాలుగు సాళ్లు వేసి కాపాడుకుంటూ వచ్చింది. ఈసారి మోకాళ్లు మొండికేశాయని, ఉన్నదంతా కుండతో సహా మాకిచ్చేసింది. అప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి వంటింట్లో రెండు కుండలున్నాయి. "ఒగటి అవ్వ ఇచ్చిన ఇత్తనాలు, ఇంగోటి పప్పుకని నేను తెచ్చిన కందులు," అని చెప్పి మా ఆయన చేనుగట్టు వేయడానికి వెళ్లిపోయాడు. ఏది ఏదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మూతలు తీసి చూశాను. ఒకదాంట్లో కందులు కడిగినట్టు నిగనిగలాడుతున్నాయి. రెండోదాంట్లో బూడిద, ఎండిన వేపాకు, దుమ్ము. మా ఇళ్లల్లో మంచి నూలును తెల్లగుడ్డలో చుట్టి దాస్తాం, చేతులు కడుక్కుని గాని ముట్టుకోం. విలువైనది ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుందని నా లెక్క. విత్తనానికి బూడిదే కాపలా అని నాకేం తెలుసు? నిగనిగలాడే కందుల కుండకు గుడ్డ కట్టి భద్రంగా అటక మీద పెట్టాను. బూడిద కుండను బోర్లించి, గింజల్ని మూడు నీళ్లలో కడిగాను.

పప్పు చేయడం నేర్పింది కూడా అవ్వే. కందుల్ని రాత్రంతా నానబెట్టి, ఎర్రమన్ను పూసి, మూడు దినాలు ఎండబెట్టి, విసుర్రాతిలో పగలగొట్టి, చేటతో చెరగాలి. అన్నీ ఆమె చెప్పినట్టే చేశాను. సగానికి పైగా పగలగొట్టాక చేతులు పీకుతుంటే మిగిలినవి మన్నుతోనే పక్కన పెట్టేశాను. ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి వేసి పప్పు ఉడికించి మెత్తగా ఎనిపాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. నేర్పినామెకే తొలి ముద్ద అని గొప్పగా అవ్వను పిలిచి, జొన్నరొట్టెతో పెట్టాను.

మొదటి ముద్దకే ఆమె నమలడం ఆపింది.

"యాడివి పాపా ఈ కందులు?"

"కుండలోటివే అవ్వా."

"ఏ కుండ?"

"బూడిద ఉండె గదా, ఆ కుండ."

అవ్వ నన్నొకసారి చూసి, తల వంచుకుని మళ్లీ తినసాగింది. నేను వండింది విత్తనాలని ఆ చూపుతోనే నాకు అర్థమైపోయింది. ఆమె కంచం ఊడ్చి తిని, చెయ్యి కడుక్కుని, మిగిలిన గింజలేమన్నా ఉన్నాయా అని అడిగింది. మన్ను పూసినవి తెచ్చి చూపించాను.

"నాని, ఎండి, శానా దెబ్బతినింటాయి. మొలుస్తాయని నమ్మకం లేదు. ఇరవై గింజలు తడిగుడ్డలో కట్టు పాపా, సూస్తాం," అని చెప్పి వెళ్లిపోయింది.

మా ఆయన రాగానే ఆయన మీద విరుచుకుపడ్డాను. కుండ మీద ఒక బొగ్గుగీత గీసుంటే నీ సొమ్మేం పోయేదన్నాను. ఆయన చేతిలోని పార గోడకానించి, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడే ముంగారు తొలివాన పడింది. ఏడాదంతా ఎదురుచూసే వాన, నాకు మాత్రం ఎందుకొచ్చిందిరా భగవంతుడా అనిపించింది. తెల్లారేసరికి ఊళ్లోని విత్తే గొర్రులన్నీ చేలల్లో ఉన్నాయి. మా చేను దున్ని సిద్ధంగా ఉంది, నేల పదును ఆరిపోతోంది. "అంగడి కందులే ఇత్తుదామా?" అన్నాడు మా ఆయన. పూటకోసారి గుడ్డ విప్పి చూడటమే నా పని. రెండో రోజు గింజలు ఉబ్బాయి, అంతే. మూడో రోజుకు కొన్ని జిగురు పట్టి వాసన వేశాయి. తరతరాలుగా ఎవరెవరో కాపాడుకుంటూ వచ్చిన విత్తనాన్ని నేను ఒక్క పూట పప్పు చేసి పెట్టాను. ఈ మాట ఎవరితో చెప్పుకోను?

నాలుగో రోజు పొద్దున్నే అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. మూట తనే విప్పింది. ఒక్కో గింజనూ గోటితో పక్కకు జరుపుతుంటే నేను చూడలేక గోడ వైపు తిరిగాను.

"ఆరు మొలిచినాయి," అంది.

ఇరవైలో ఆరు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన్ను పూసిన గింజలన్నీ గొర్రుతో కాకుండా చేత్తోనే, గుంతకు నాలుగేసి పెట్టమని మా ఆయనకు చెప్పింది. ఆయన చేటెత్తుకుని చేనికి పరుగెత్తాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. నీ విత్తనం నా చేతులారా పాడుచేశాను అవ్వా అన్నాను.

"ఏడ్సొద్దు పాపా," అంది. పొయ్యి దగ్గరికి జరిగి కూర్చుంది. "ఇత్తనం తగ్గుతాదని పదేండ్లాయ, దాంట్లో ఒక గింజ గూడా వండుకోల్యా నేను. రుచి మర్సిపోయినా అనుకుంటి. నోట్లో పెట్టుకుంటానే తెలిసిపాయ."

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"పగలగొట్టింది ఎట్లా మొలవదు గదా. ఆ పప్పు మిగిలింటే ఈ పొద్దు గూడా ఇంత చేయి."

లేచి పొయ్యి ముట్టించాను. చేలో ఆ గింజలు ఏమవుతాయోనని గుమ్మం వైపు చూస్తూనే పప్పు కడిగాను.